డిస్కుల్లో మళ్ళీ చూసిన పాత సినిమాలు

విజయావారి ‘మాయాబజార్’ను నేను వెండితెర మీద కన్నా డిస్కు మీదే ఎక్కువసార్లు చూశాను. తిరుపతిలో నా ఈడువాళ్ళలో చాలామంది సంగతి ఇంతే. 1957లో విడుదలైన ఆ సినిమా మా దాకా మొదట దూరదర్శన్‌లో వచ్చింది, తర్వాత సీడీ షాపులో అద్దెకు దొరికింది, ఆ పైన సొంతానికి కొనుక్కోగలిగేంత చవక అయింది. సినిమా విమర్శ చదువుకున్నవాణ్ణి కాను, కెమెరా పట్టినవాణ్ణీ కాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక డిస్కు పెట్టుకుని కూర్చునే మామూలు ప్రేక్షకుడిగా, ఇంట్లో పేర్చుకున్న సినిమాలను తిరిగి తిరిగి చూస్తూ ఏర్పరచుకున్న అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను. థియేటర్లో మెచ్చుకున్న సినిమాలన్నీ ఇంట్లో మళ్ళీ చూసినప్పుడు నిలబడవు. నిలబడిన సినిమాలకేమో మన డిస్కులు తగిన న్యాయం చేయలేదు. ఈ రెండు మాటలనూ విడదీసి చెప్పడం కష్టం, ఎందుకంటే ఒక సినిమా నచ్చకపోవడానికి కారణం సినిమాయా, డిస్కా అన్నది తేల్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

‘మాయాబజార్’ ఎందుకు నిలబడుతుందో చెప్పడానికి ప్రియదర్శిని ఘట్టం చాలు. చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనదాన్ని చూపించే ఆ పేటికలో బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు, శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడి వంతు వచ్చేసరికి శకుని కనిపిస్తాడు. మొదటిసారి చూసేవారికి అది ఒక వింతగా, నవ్వుకోదగిన విషయంగా తోస్తుంది. కథంతా తెలిశాక మళ్ళీ చూస్తే, రాబోయే వ్యవహారమంతా కృష్ణుడి మనసులో అప్పటికే సిద్ధంగా ఉందని, తన పని నెరవేర్చబోయే మనిషి కాబట్టే శకుని ఆయనకు ప్రియుడని అర్థమవుతుంది. మొదట్లో ముచ్చటగా చూపించిన సత్యపీఠం చివర శకుని చేత నిజం కక్కించడం కూడా ఇలాంటిదే. దర్శకుడు కె.వి. రెడ్డి గారు ఏ వస్తువునూ ఊరికే తెర మీదికి తీసుకురారు. పాండవుల కథకు ఆనుకుని నడిచే సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరన్న సంగతి నేను ఎన్నోసార్లు చూసిన తర్వాత గానీ గమనించలేదు. అంతగా ఆయన మన చూపును తాను కోరుకున్న చోట నిలిపి ఉంచారు.

సావిత్రి గారి నటనకు కూడా వెనక్కి తిప్పి చూసుకునే వీలు గొప్ప మేలు చేసింది. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆమె నటించేటప్పుడు నడకలో బరువు మారుతుంది, మెడ తిప్పే తీరు మారుతుంది, ఎవరూ చూడటం లేదనుకున్న క్షణంలో కళ్ళలో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు గారు కనిపిస్తారు. అంతలోనే ఎవరో వస్తున్నట్టు తెలియగానే ఆడపిల్ల ఒదుగు వచ్చేస్తుంది. ఒకే వాక్యం మధ్యలో జరిగే ఈ మార్పును థియేటర్లో నవ్వుల మధ్య పట్టుకోవడం కష్టం. నేను ఆ భాగాన్ని ఆపి, వెనక్కి జరిపి, శబ్దం తీసేసి కూడా చూశాను. మాట లేకపోయినా ఆ ఇద్దరిలో ఎవరు ఎప్పుడు ఉన్నారో తెలిసిపోతుంది.

ఇక ‘లాహిరి లాహిరి’ పాటలోని వెన్నెల విషయానికి వస్తే, అక్కడే నా డిస్కుల గొడవ మొదలవుతుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ వెన్నెలను చాలావరకు స్టూడియోలో దీపాలతో సృష్టించారు. నీటి మీద మెరుపు, దాని వెనక లేత బూడిద రంగు ఆకాశం, ఆ వెనక ఇంకాస్త ముదురు చెట్ల గుంపు, ఇలా నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే ఎన్నో అంతరువుల మీద ఆ పాట ఆధారపడి ఉంది. వీడియో సీడీ, అంటే వీసీడీ మీద ఈ అంతరువులు మిగలవు. వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు మాత్రమే ఉంటాయి. పైగా ఒక మామూలు సీడీలో డెబ్బై ఎనభై నిమిషాల సినిమాను పట్టించడానికి బొమ్మలోని సమాచారాన్ని బాగా కుదిస్తారు. ఆ కుదింపు దెబ్బ మొదట తగిలేది చీకటి భాగాలకే కాబట్టి వెన్నెల రాత్రి కాస్తా చిన్న చిన్న గళ్ళుగా విరిగిపోతుంది. డీవీడీలో చుక్కలు 720కి 576, అంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. అదే పాటను మంచి డీవీడీ మీద చూసిన రోజున, పడవ వెనక నీటిలో ఒక మెరుపు గీత సాగుతూ వస్తుందన్న సంగతి మా ఇంట్లో అందరికీ కొత్తగా తెలిసింది.

నిడివి మరో చిక్కు. రెండు వీసీడీలలో కలిపి 160 నిమిషాలకు మించి పట్టదు. మన పాత సినిమాలలో మూడు గంటలవి చాలా ఉన్నాయి, ‘మాయాబజార్’ అయితే 184 నిమిషాలు. మూడో డిస్కు పెడితే ఖర్చు పెరుగుతుంది. అందుకని అద్దె షాపుల్లో దొరికిన వీసీడీలలో కొన్నింటికి ఒక పద్యమో, ఒక హాస్య సన్నివేశమో, ఒక పాటలో రెండో చరణమో ఉండేది కాదు. ఆ డిస్కులే చూసి పెరిగిన పిల్లలకు సినిమా అంతేనని తెలుస్తుంది. పాత పౌరాణికాల్లో పద్యాలు ఎందుకంత అర్ధాంతరంగా ముగుస్తాయని మా అక్క కొడుకు ఒకసారి నన్ను అడిగాడు. పద్యం ముగియలేదని, కోసేశారని చెప్పి, పూర్తి పద్యం ఉన్న డీవీడీ వెతికి చూపించాను.

2010లో ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైనప్పుడు నేనూ ఉత్సాహంగానే వెళ్ళాను. పెద్ద తెర మీద ఘటోత్కచుణ్ణి చూడటం ఒక ఆనందం, దాన్ని నేను కాదనను. పాత సినిమా అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా థియేటర్లో చప్పట్లు కొట్టడం కళ్ళారా చూశాను. అయినా ఇంట్లో మళ్ళీ చూడాలనిపించినప్పుడు నా చెయ్యి నలుపు తెలుపు డిస్కు మీదికే వెళుతుంది. బార్ట్‌లీ వెలుగును అమర్చింది రంగు కోసం కాదు. ఏ నగ మెరవాలి, ఏ గోడ వెనక్కి తగ్గాలి అన్నది ఆయన నలుపు తెలుపుల్లోనే నిర్ణయించుకున్నారు. వాటి మీద రంగు వేసినప్పుడు అన్నీ సమానంగా ముందుకు వచ్చి కూర్చుంటాయి. పైగా రంగుల ప్రతిని వెడల్పు తెర పద్ధతి అయిన సినిమాస్కోప్‌లో విడుదల చేశారు. దాదాపు చదరంగా ఉండే పాత ఫ్రేమును అంత వెడల్పుకు పట్టించాలంటే పైనా కిందా కోత తప్పదు, అప్పుడు కిరీటాలూ పాదాలూ నష్టపోతాయి. నిడివి కూడా తగ్గించారు. రంగుల ప్రతి ఉండటం పట్ల నాకు అభ్యంతరం లేదు. అది మాత్రమే దొరికే రోజు వస్తే అది నష్టమని మాత్రం గట్టిగా నమ్ముతాను.

మా రాయలసీమవాళ్ళకు ఈ పాత సినిమాల మీద కొంచెం ఎక్కువ మమకారం ఉండటానికి మరో కారణం ఉంది. కె.వి. రెడ్డి గారిది అనంతపురం జిల్లా తాడిపత్రి. దర్శకుడు బి.ఎన్. రెడ్డి, విజయా సంస్థ నిర్మాత బి. నాగిరెడ్డి అన్నదమ్ములది కడప జిల్లా. ఆ బి.ఎన్. రెడ్డి గారు 1951లో తీసిన ‘మల్లీశ్వరి’ నా లెక్కలో తెలుగు సినిమాలన్నిటిలోకీ అందమైనది. కథ శ్రీకృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంది. తిరుమల గుడిలో తన ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాయలవారి విగ్రహాన్ని చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళం, చంద్రగిరి కోటలో రాజమహల్ మెట్లెక్కి ఆడుకున్నవాళ్ళం, ఆ కాలాన్ని తెర మీద ఎవరు చూపించినా మాకు తెలియకుండానే పోల్చి చూసుకుంటాం. ‘మల్లీశ్వరి’లో కనిపించే వీధి, మంటపం, సంత, అంతఃపురం కట్టిన సెట్లే అయినా, మనుషులు వాటిలో నిజంగా కాపురం ఉన్నట్టే తిరుగుతారు.

ఈ సినిమా నెమ్మదిగా నడుస్తుందని చాలామంది అంటారు. నెమ్మదే, కానీ ఆ నెమ్మదిలో ఒక లెక్క ఉంది. వానకు తడుస్తూ పాడుబడ్డ మంటపంలో మల్లి నాట్యం చేయడం, మారువేషంలో ఉన్న రాయలవారు చూడటం, ఆమె బావ నాగరాజు సరదాకి పల్లకీ పంపించమని అడగటం, అదే పల్లకీ తర్వాత నిజంగా వచ్చి ఆ ఇద్దరినీ విడదీయడం, ఇంత పెద్ద దుఃఖం ఒక చిన్న వేళాకోళం నుంచి పుట్టుకొస్తుంది. ఆ వేళాకోళపు మాట మన మనసులో నాటుకునేంత వ్యవధి ఇవ్వకపోతే తర్వాత పల్లకీని చూసినప్పుడు గుండె జారదు. రిమోట్ చేతిలో ఉన్నప్పుడు వచ్చే ప్రలోభం ఏమిటంటే, కొంచెం నిదానించిన చోటల్లా ముందుకు జరపడం. ‘మల్లీశ్వరి’ని అలా చూసినవాళ్ళు దాన్ని చూసినట్టు కాదని నా అభిప్రాయం. ఒక్క కూర్చోవడంలో వీలు కాకపోతే రెండు రాత్రులుగా చూడవచ్చు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మాటలూ, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలూ ఆ విరామంలో చెవిలోనే ఉండిపోతాయి.

పాటల సంగతి వచ్చింది కాబట్టి శ్రుతి గురించి కూడా చెప్పాలి. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25 బొమ్మలు నడవాలి. అందువల్ల పాల్ పద్ధతిలో తయారైన చాలా డిస్కులలో సినిమాను కాస్త వేగంగా నడిపేస్తారు. నాలుగు శాతం వేగం కంటికి తెలియదు గానీ చెవికి తెలుస్తుంది. దిద్దుబాటు చేయకపోతే ప్రతి పాట శ్రుతి ఒక స్వరస్థానంలో సుమారు డెబ్బై శాతం మేరకు పైకి పోతుంది. సంగీతం నేర్చుకుంటున్న మా పక్కింటి అమ్మాయి హార్మోనియం ముందు కూర్చుని, రికార్డులో విన్న ఘంటసాల గారి పాట డిస్కులో ఎందుకు కలవడం లేదని తికమకపడినప్పుడు నేను ఈ లెక్క వెతికి తెలుసుకున్నాను. దీనికి తోడు ఒంటి మైకుతో రికార్డు చేసిన పాత పాటలకు ఐదారు స్పీకర్ల హంగు అతికించి, లేని ప్రతిధ్వని చేర్చిన డిస్కులు కూడా ఉన్నాయి. ఘంటసాల గారి గొంతు గుహలోంచి వస్తున్నట్టు వినిపించడం నేను సహించలేను. మోనో, అంటే ఒకే ధారగా వచ్చే అసలు శబ్దాన్ని కూడా ఒక ట్రాకుగా ఉంచితే కావలసినవారు అదే ఎంచుకుంటారు కదా.

తిరుపతిలో ఏ ఇంట డిస్కుల పెట్టె వెతికినా దొరికే సినిమాలు రెండు ఉంటాయి: 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’, 1997 నాటి ‘అన్నమయ్య’. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల యాత్రికులకు పటాలూ పుస్తకాలూ అమ్మే అంగళ్ళలో ఒకప్పుడు భక్తిపాటల సీడీల పక్కనే ఇవీ ఉండేవి. భక్తి వల్ల చూస్తారు కాబట్టి వీటిని సినిమాలుగా ఎవరూ చర్చించరు, అది అన్యాయం. పి. పుల్లయ్య గారి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో నాకు అన్నిటికన్నా నచ్చేది వకుళమాతగా శాంతకుమారి గారు. దేవుణ్ణి కొడుకుగా పెంచుకున్న తల్లి ఎలా ఉంటుందో ఆమె ఎక్కడా అతి చేయకుండా చూపించారు. అప్పు చేసి పెళ్ళి చేసుకునే దేవుడి కథ ఇది. ఆ ఇంటి పెద్ద దిక్కుగా ఆమె పడే ఆరాటం మధ్యతరగతి తల్లి ఆరాటం లాగే ఉంటుంది. ‘శేషశైలావాస’ పాటలో ఘంటసాల గారే తెర మీద కూర్చుని పాడటం చూసి మా అవ్వ ప్రతిసారీ చేతులు జోడించేది. ఆ నమస్కారం స్వామికా, గాయకుడికా అని నేను ఎన్నడూ అడగలేదు.

‘అన్నమయ్య’ విషయంలో నా అభిప్రాయం కొంత భిన్నం. మొదటి సగంలోని ప్రేమ పాటలు నాకు మళ్ళీ చూడాలనిపించవు. అవి ఆనాటి హీరో సినిమా లెక్క ప్రకారం పెట్టినవి. కొండ ఎక్కడం మొదలైన దగ్గర నుంచి సినిమా స్థాయి మారిపోతుంది. కీరవాణి గారికి ఆ సంగీతానికి జాతీయ పురస్కారం వచ్చింది. నిజానికి అక్కడ ఆయన చేసిన గొప్ప పని, అన్నమాచార్యుల అసలు సంకీర్తనలను కొత్తగా రాసిన పాటల పక్కన అతుకు కనిపించకుండా కూర్చడం. చివరి అరగంట సుమన్ గారు వేంకటేశ్వరుడిగా మాట్లాడే తీరులోని నిదానం డిస్కు మీద ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఇంట్లో అంత నిశ్శబ్దంగా వినగలం. ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండి, తర్వాత లోకానికి అందాయన్న సంగతి తెలిసిన ఊరివాళ్ళం కాబట్టి, రాగిరేకులు తెర మీద కనిపించినప్పుడు మాకు వేరే ఆధారాలు అక్కర్లేదు.

వెడల్పు తెర సినిమాలకు డిస్కుల్లో జరిగిన అన్యాయం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. 1974లో వచ్చిన కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. దాని ఫ్రేము ఎత్తుకు రెండింతలకు పైగా వెడల్పు ఉంటుంది. పాత టీవీ పెట్టె వెడల్పు ఎత్తు కన్నా మూడో వంతు మాత్రమే ఎక్కువ. పైనా కిందా నల్ల పట్టీలు వదిలి మొత్తం బొమ్మను చూపించడం ఒక మార్గం. మన దగ్గర నల్ల పట్టీలు కనిపిస్తే తెర వృథా అవుతోందని ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తారన్న భయంతో, పక్కలు కోసి మధ్య భాగాన్నే తెర నిండా సాగదీసి ఇచ్చిన డిస్కులు చాలా వచ్చాయి. లెక్క వేస్తే ఇలా కోసినప్పుడు బొమ్మలో 43 శాతం దాకా పోతుంది. మన్యం కొండలూ, వాటి వాలున బారులు తీరిన గిరిజన వీరులూ ఉండాల్సిన చోట ఒక్క మనిషి భుజం మాత్రమే కనిపిస్తుంది. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి ముక్కూ ఇంకొకరి చెవీ మిగలడం నేను చూశాను. ఆ డిస్కు చూసి వి.ఎస్.ఆర్. స్వామి గారి ఛాయాగ్రహణం మామూలుగా ఉందని ఎవరైనా అంటే ఆ తీర్పు చెల్లదు, ఎందుకంటే ఆయన తీసిన బొమ్మ వారి ముందుకు రానే లేదు.

ఇదే బాధను వేరే దేశపు సినిమాతో పోల్చినప్పుడు నాకు బాగా తెలిసింది. 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో ఎడారి అంచున ఎండమావుల మధ్య ఒక నల్లటి చుక్క కనిపించి, నెమ్మదిగా ఒంటె మీద వస్తున్న ఒమర్ షరీఫ్ అవుతుంది. చుక్క మనిషి అయ్యేదాకా సంగీతం లేదు. అద్దె వీసీడీలో ఆ చుక్క చాలాసేపు అసలు లేదు. ఖాళీ ఎడారిని ఎందుకింతసేపు చూపిస్తున్నారని విసుగు వచ్చింది. ఆ సినిమాను 1989లో పునరుద్ధరించారు, 2012లో మళ్ళీ శుభ్రం చేసి, డీవీడీ కన్నా స్పష్టత ఎక్కువ ఉండే బ్లూరే డిస్కుగా తెచ్చారు. అందులో చుక్క మొదటి క్షణం నుంచీ ఉంది, వణుకుతూ ఉంది, అది ఎవరన్న భయం కూడా ఉంది. సత్యజిత్ రాయ్ గారి అపూ చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అయినా మిగిలిన ముక్కలనూ ఇతర ప్రతులనూ కలిపి 2015 నాటికి ఆ మూడు సినిమాలనూ తిరిగి నిలబెట్టారు. కాలిపోయినవాటికి అంత చేయగలిగినప్పుడు, నెగెటివ్ మిగిలి ఉన్న మన సినిమాలకు ఆపాటి శ్రద్ధ ఎందుకు దక్కకూడదన్నది నా ప్రశ్న.

రంగుల సినిమాలకు కాలం చేసే హాని వేరే రకం. నలుపు తెలుపు ఫిల్ము మీద బొమ్మ వెండితో ఏర్పడుతుంది, సరిగా దాచుకుంటే చాలా కాలం మన్నుతుంది. రంగుల ఫిల్ములో బొమ్మను పట్టి ఉంచేది అద్దకపు రంగులు, అవి ఏళ్ళ తరబడి వేడిలో ఉంటే వెలిసిపోతాయి. నీలం, ఆకుపచ్చ ముందుగా తగ్గి బొమ్మంతా గులాబీ ఛాయలోకి దిగిపోతుంది. బాపు గారి ‘ముత్యాల ముగ్గు’ నాకు మొదట దొరికిన డిస్కులో ఇలాగే ఉంది. 1975లో ఇషాన్ ఆర్య గారికి జాతీయ పురస్కారం తెచ్చిన ఛాయాగ్రహణం అది. గోదావరి పచ్చదనం, తెల్లవారుజాము వెలుగు, ముగ్గు తెలుపు, అన్నీ ఒకే ఎర్ర మట్టి రంగులో ఉంటే రావు గోపాలరావు గారు సూర్యోదయాన్ని చూసి మురిసే సన్నివేశానికి అర్థమే లేదు. సంభాషణలు వింటే సరిపోతుందని ఆ డిస్కును చాలాకాలం రేడియో నాటకంలా విన్నాను. ‘సాగర సంగమం’ డిస్కు కొంత నయం. వానలో తడుస్తున్న జయప్రద గారి నుదుటి కుంకుమ కరిగిపోకుండా కమల్ హాసన్ గారు అరచెయ్యి అడ్డం పెట్టే చోట ఆ ఎరుపు ఎరుపుగానే ఉంది. ఆ సన్నివేశానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

జనాదరణ పొందిన సినిమాలన్నీ ఇలా మళ్ళీ చూడటానికి తట్టుకోవు. పేర్లు చెప్పి ఎవరి అభిమానాన్నీ నొప్పించదలచుకోలేదు గానీ, జయశ్యాంలోనో గ్రూప్ థియేటర్లలోనో మొదటి రోజు ఈలల మధ్య చూసి గొంతు పోయేలా అరిచిన సినిమాలు కొన్ని ఇంట్లో పెడితే అరగంటకే ఖాళీగా అనిపిస్తాయి. వాటికి కావలసిన సగం శక్తి పక్క సీట్ల నుంచి వచ్చేది. అయితే థియేటర్లో ఎంత ఊపు తెచ్చిందో ఇంట్లోనూ అంతే బిగువుగా నిలిచిన సినిమా ఒకటి ఉంది, 1989లో రాంగోపాల్ వర్మ గారి ‘శివ’. ఆ సినిమాలో దెబ్బ పడేముందు వచ్చే నిశ్శబ్దం, బూట్ల చప్పుడు, సైకిలు చైను ఊడలాగిన శబ్దం, గల్లీల్లో పరుగు వెంట జారుతూ వెళ్ళే కెమెరా, ఇవన్నీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నప్పుడు ఇంకా పదునుగా తెలుస్తాయి. ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’ని మాత్రం నేను డిస్కు మీద తూచను. 2025 మే 9న దాన్ని మళ్ళీ విడుదల చేసినప్పుడు థియేటర్లో మూడు తరాలు కలిసి కూర్చుని ఇళయరాజా గారి పాటలకు చేతులు కలిపాయి. ఆ సినిమా అలా చూడవలసిందే.

తమిళనాడు సరిహద్దున ఉండటం వల్ల చిత్తూరు, తిరుపతి ప్రేక్షకులకు ఒక వరం ఉంది. ఇక్కడి షాపుల్లో తెలుగు, తమిళ డిస్కులు పక్కపక్కనే ఉండేవి. ఎల్.వి. ప్రసాద్ గారు 1955లో ‘మిస్సమ్మ’ను రెండు భాషల్లో తీశారు. తెలుగులో రామారావు గారు చేసిన పాత్రను తమిళ ‘మిస్సియమ్మ’లో జెమినీ గణేశన్ గారు, నాగేశ్వరరావు గారి పాత్రను తంగవేలు గారు చేశారు. సావిత్రి, జమున గార్లు రెండింటిలోనూ ఉన్నారు. ఒక రీలు ఇది, ఒక రీలు అది పెట్టుకుని చూస్తే, ఎదుటి నటుణ్ణి బట్టి సావిత్రి గారి కోపం స్థాయి ఎలా మారుతుందో తెలుస్తుంది. రామారావు గారి ముందు ఆమె కోపంలో పంతం ఎక్కువ, జెమినీ గణేశన్ గారి ముందు చనువు ఎక్కువ అని నాకు అనిపించింది.

ఈ పోలికలన్నీ సాధ్యమైంది డిస్కులు చవకయ్యాకనే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అద్దెకు తెచ్చుకుని మర్నాడు ఇచ్చేయాల్సిన అవసరం లేకుండా, మామూలు జీతగాడు కూడా ఒక అరనిండా సినిమాలు కొనుక్కోగలిగాడు. గాంధీ రోడ్డు మీద నడుస్తూ కూరగాయలతో పాటు ఒక డీవీడీ సంచిలో వేసుకుని ఇంటికి రావడం ఆ రోజుల్లో విశేషమే కాదు. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపులకు డిస్కు పెట్టే అర ఉండటం లేదు, ప్లేయరు పాడైతే బాగుచేసేవాళ్ళు తక్కువయ్యారు. చాలా పాత సినిమాలు యూట్యూబులో ఉచితంగానే ఉన్నాయి. అయితే అక్కడ ఉన్నవాటిలో అనేకం ఆ వీసీడీల నుంచి తీసి పెట్టినవే కాబట్టి, కోతలూ గళ్ళూ మూలన కదిలే ముద్రలూ అలాగే వచ్చాయి. అందుకే నా దగ్గరున్న మంచి డీవీడీలను గీతలు పడకుండా, ఎండ తగలకుండా నిలువుగా పేర్చి ఉంచుతున్నాను.

నాకు మిగిలిన కోరిక చిత్తూరు నాగయ్య గారి సినిమాల గురించి. పుట్టింది గుంటూరు జిల్లాలోనే అయినా, ఇక్కడి నాటకరంగం ఇచ్చిన ఊరి పేరును ఆయన జీవితాంతం ఇంటిపేరుగా మోశారు. 1943లో ‘భక్త పోతన’, 1946లో తానే దర్శకత్వం వహించిన ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’. ఈ మూడింటిలో నాకు దొరికిన డిస్కులన్నీ అరిగిన ప్రింట్ల నుంచి తీసినవే. బొమ్మ మీద నిలువు గీతలు, మాట మింగేసే బుసబుస శబ్దం, రీలు మారిన చోటల్లా ఊడిపోయిన వాక్యాలు. ఆ గీతల వెనక నుంచి కూడా, అన్న కూతురు జ్యోతి చనిపోయిన తర్వాత వేమన ముఖంలో వచ్చే శూన్యం కనిపిస్తుంది. నాగయ్య గారు ఏడవరు, చూపు మాత్రం ఎక్కడా నిలవదు. ‘త్యాగయ్య’లో పాడుతూ నడిచేటప్పుడు ఆయన గొంతులోని ఆర్ద్రత ఆ బుసబుసలను దాటుకుని వస్తుంది. చిత్తూరులో ఆయన పేరుతో కళాక్షేత్రం ఉంది. ఈ మూడు సినిమాలకు ఇప్పటికీ ఎక్కడో మంచి ప్రతి మిగిలి ఉంటే, దాన్ని శుభ్రం చేసి, పాటలూ పద్యాలూ కోయకుండా, అసలు మోనో శబ్దంతో, అసలు ఫ్రేము కొలతతో బ్లూరేగానో మరో రూపంలోనో తెచ్చి, మొదటి ప్రదర్శన ఆ కళాక్షేత్రంలో వేస్తే బాగుంటుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సు ఎక్కి వచ్చే మొదటివాళ్ళలో నేనుంటాను.